మామగారి బండి అడుగున మెరిసిన రజను

అసహ్యం అంటే నాకు తెలుసనుకునేవాణ్ణి. పెళ్ళి భోజనాల తర్వాత చేతులు కడిగే పంపు దగ్గర నిలబడ్డవాణ్ణి, వానాకాలంలో బస్టాండు దొడ్డిదారిన నడిచినవాణ్ణి. మా మామగారి మోటారు సైకిలు కింద వెల్లకిలా పడుకుని ఆయిలు ఫిల్టరు విప్పిన ఉదయంతో పోలిస్తే అవన్నీ అగరొత్తుల వాసనే.

బండి సంగతి ముందు చెప్పాలి. మామగారిది నల్లపాడు దాటి లోపలికి వెళితే వచ్చే ఊరు. మిరప, పత్తి సేద్యం. ఇంటి నుంచి చేనుకి, చేను నుంచి కల్లానికి ఆ బండి మీదే తిరుగుతారు. ఊళ్ళో వాళ్ళు ఆయనదీ బండిదీ ఒకే ఈడంటారు. నా లెక్కన బండే పెద్దది. ఆయన దానికిచ్చే మర్యాదలో సగం కూడా నాకివ్వరు, నేను ఇంటి అల్లుణ్ణి. అది స్టార్టయిందంటే గేదెలు పాలు చేపడం ఆపేస్తాయి, నల్లపాడు స్టేషన్లో కునుకు తీస్తున్న వాళ్ళు రైలొచ్చిందని సంచులు సర్దుకుంటారు.

ఈ ఏడు మిరపకోతల వేళకి ఆ చప్పుడు మారింది. ఎవరో రోట్లో ఇత్తడి గ్లాసు పడేసి దంచుతున్నట్టు లోపల టకటక. చేను దాకా వెళ్ళేలోపు ఇంజను కాలిపోతోంది. మా బావమరిది, అంటే నా భార్య తమ్ముడు, ఫోన్లో వీడియోలు చూసి రోగం తేల్చేశాడు. లోపలి ఇత్తడి బుష్షు అరిగింది, ఇంజను పని అయిపోయింది, పాత ఇనుముకి వేసేద్దాం, నాన్న ఇక నా స్కూటరు వెనక కూచుని చేనుకి రావచ్చు అన్నాడు.

మామగారు వెనక సీటు మీద కూచోవడం ఆ ఊళ్ళో ఎవరూ చూడలేదు. పెళ్ళినాడు కూడా ఆయనే నడిపారట, పెళ్ళికూతురు వెనక కూచుంది.

ఆ ఆదివారం మేం వెళ్ళి, అత్తగారు పెట్టిన ఇడ్లీలు తిని వాకిట్లోకి వచ్చేసరికి పాత ఇనుము ఆటో గేటు ముందు ఆగి ఉంది. తండ్రీ కొడుకులు బండికి చెరోవైపు నిలబడి ఉన్నారు.

"ఒకటే మాటరా. ఆ ఆయిలు ఫిల్టరు విప్పి చూడండి. బుష్షు అరిగితే రాలిన రజను అందులో ఉండాలి కదా. ఇత్తడి రజను కనపడిందా, బండి ఎత్తుకుపోండి. నోరెత్తను," అన్నారు మామగారు.

"కనపడకపోతే?"

"నువ్వు నోరెత్తకు."

"మరి విప్పేదెవరు?" అన్నాడు బావమరిది, తెల్లచొక్కా వేసుకుని.

ఇద్దరూ నావైపు తిరిగారు. నాకు చిన్నప్పుడు సైకిలు చెయిను ఎక్కించడం వచ్చని మా ఆవిడ పెళ్ళైన కొత్తలో గొప్పకి చెప్పింది. ఆ గొప్ప ఇన్నేళ్ళకి నా మీద కూలింది.

ఆయిలు పలచబడాలని కాసేపు ఇంజను తిప్పి ఆపాం. గోనెపట్టా పరుచుకుని కిందికి దూరాను. పైనుంచి చూస్తే బండి. కిందనుంచి చూస్తే పురావస్తు శాఖ వాళ్ళు తవ్వాల్సిన దిబ్బ. అమరావతి స్తూపం చుట్టూ కూడా అన్ని పొరలు దొరికి ఉండవు. పైపొర ఈ ఏటి కల్లం దుమ్ము, దాని కింద పోయినేటి రేగడి, దాని కింద గేదె పేడ, ఇంకా కింద ఏ కాలానిదో ఒక చచ్చిన గొంగళిపురుగు, పటంలో బిగించినట్టు చెక్కుచెదరకుండా. అవన్నీ పుల్లతో గీకితే ఇంజను అడుగున, ఆయిలు నిలిచే సంపు మూత బయటపడింది. ఆరు మూలలుండాల్సిన మూత, సుత్తీ ఉలీ దెబ్బలకి గుండ్రంగా రేగుపండులా తయారైంది.

"దీనికి పానా పట్టదు మామగారూ."

"పానా ఎందుకయ్యా. ఉలి పెట్టి కొట్టు. నేనెప్పుడూ అంతే."

కొట్టాను. మూత వదిలింది. వెనకాలే స్ప్రింగు తన్నింది, దాని వెనక ఆయిలు. కింద పెట్టిన బేసిను నిమిత్తమాత్రం, అసలు పాత్ర నేనే. చేతి మీదుగా మోచేతికి, మోచేతి నుంచి చొక్కా చేతిలోకి, అక్కణ్ణుంచి చంకలోకి వెచ్చగా, నింపాదిగా, దారి తెలిసినట్టు దిగింది. వాసన చెప్పనా? వద్దు. అన్నం తినేవాళ్ళు ఎవరైనా చదువుతుండవచ్చు. మాడిన పప్పులో ఎవరో సైకిలు ట్యూబు తాలింపు పెట్టినట్టుంది అని మాత్రం అంటాను.

ఆఖరికి ఫిల్టరు నా అరచేతిలోకి జారింది. బొటనవేలి తొడుగంత ఉండే చిన్న తీగ జల్లెడ, అంతే. దానిలోంచి ఆయిలు వడకట్టుకుని ఇంజను తాగాలి. ఇంజను ఏం తాగుతోందో నాకప్పుడు తెలిసింది. జల్లెడలో కన్నం అన్నదే కనపడటం లేదు. నల్లటి జున్ను గడ్డ. వేలితో నొక్కితే అది తిరిగి నా వేలిని నొక్కింది. దాంట్లో పొడుగ్గా వెంట్రుకల్లాంటివి చుట్టుకుని ఉన్నాయి, స్నానాల గది తూములోంచి లాగిన ఉండలాగా. మొహం పక్కకి తిప్పుకుని చెయ్యి బారెడు దూరం జరిపాను.

ఆ ముద్దని వెలుగులోకి తెచ్చి పుల్లతో విప్పితే పసుప్పచ్చగా మెరిశాయి. పలచటి చిన్న రేకులు. ఒకటీ రెండూ కాదు, గుప్పెడు.

బావమరిది వంగి చూశాడు. "ఇత్తడి," అన్నాడు. అయినా ఊరుకోక పాత స్పీకరులోంచి పీకిన అయస్కాంతం తెచ్చి ఆనించాడు. ఒక్క రేకూ అంటుకోలేదు. "ఇనుమైతే అంటేది. ఇత్తడికి అంటదు. చూశావా నాన్నా."

మామగారు చూశారు. పంచె మొలలోంచి బండి తాళం తీసి, ఆ తాళానికి కట్టిన నల్లదారాన్ని వేలితో సవరించి, కొడుకు ముందు చెయ్యి చాపారు. "ఇంద."

ఇంతసేపూ ఎగిరిన మా బావమరిది చెయ్యి పైకి లేవలేదు. గేటు దగ్గర ఆటోవాడు హారను కొట్టాడు. "ఉండవయ్యా," అని బావమరిది వాడి మీద విసుక్కున్నాడు.

ఇలాంటప్పుడే నాకు ముక్కు దురద పెడుతుంది. చేతి సంగతి మరిచి గోక్కున్నాను. ముందు చల్లగా తగిలింది. తర్వాత ముక్కుకి నిప్పంటుకుంది. ముక్కు నుంచి కంటికి, కంటి నుంచి చెవికి. చంకలో ఇందాకటి నుంచి ఉన్న చురుకు కూడా ఇప్పుడు తన పేరు చెప్పుకుంది. గేదెల తొట్టి దగ్గరికి పరిగెత్తి తలకాయ ముంచాను. గేదె నావైపు జాలిగా చూసి పక్కకి జరిగింది.

"ఏమైంది బావా?"

"మండుతోందిరా."

"పాత ఆయిలు కదా, మండుతుంది."

"పాత ఆయిలు మంట కాదురా ఇది. మీ అమ్మ పచ్చడి మంట."

మామగారు గబుక్కున గొంతుక్కూచున్నారు. ఆ నల్ల ముద్దలోంచి ఒక రేకు తీశారు. పంచెకి తుడిచారు. తుడిచాక అది మరింత నల్లబడింది, పంచె అలాంటిది. నేను వద్దనేలోపు దాన్ని ముందుపళ్ళ మధ్య పెట్టి కొరికారు. కొరికి ఊరుకోలేదు. నమిలారు. పళ్ళ సందుల్లో నల్లగా ఆయిలు తేలింది. నేను తొట్టి వైపు మళ్ళీ తిరిగాను, ఈసారి వేరే పని మీద.

"ఇత్తడి నలుగుద్దంట్రా?" అంటున్నారు వెనక. "మిరపవిత్తనం ఇది."

"ఊరుకో నాన్నా."

"నువ్వూ నములు."

తెల్లచొక్కావాడు నమిలాడు. వాడి మొహం పండుమిరపకాయ రంగుకొచ్చి, దగ్గు మొదలై, ఆ దగ్గులోనే తల ఊపాడు. ఒప్పుకున్నట్టే.

మరి మిరపవిత్తనాలు ఇంజన్లోకి ఎలా పోయాయంటే, పోవడానికి దారి వసారాలో మేకుకి వేలాడుతోంది. మా మామగారికి కొట్టులో అమ్మే విత్తనం మీద నమ్మకం లేదు. ఏటా కల్లంలో మంచి కాయలు ఏరి, కొట్టి, విత్తనాలు గరాటుతో సీసాల్లో పోసి దాస్తారు. ఇంజన్లో ఆయిలు పోసేదీ ఆ గరాటుతోనే. ఆయిలు పోశాక చేతికందిన పత్తి గుబ్బతో దాన్ని తుడుస్తారు. వెంట్రుకలనుకున్నవి ఆ పత్తి పోగులు. ఏళ్ళ తరబడి ఆ బండి కడుపులోకి రెండు పంటలూ వెళుతూనే ఉన్నాయి. జల్లెడ పూడి, ఆయిలందక, పాపం అది టకటకమని మొత్తుకుంటే మేం బుష్షు మీద నింద వేశాం.

డీజిల్లో జల్లెడ కడిగాను. కన్నాలు కనపడేదాకా కడిగాను. మూత బిగించాక బావమరిదే మంచినీళ్ళ సీసా మెడ కోసి, దాన్నే గరాటు చేసి కొత్త ఆయిలు పోశాడు. మామగారు ఒక తన్ను తన్నారు. రోట్లో గ్లాసు చప్పుడు కాసేపు నసిగి, సన్నబడి, ఆగింది. పాత చప్పుడు మిగిలింది. గేదె చెవులు నిక్కించింది. ఆయన తాళాన్ని ఒకసారి కొడుక్కి చూపించి చేనుకి వెళ్ళిపోయారు.

ఆటోవాణ్ణి ఉత్త చేతులతో పంపడం దేనికని ఆ గరాటు మేకు నుంచి తీసి గేటు దాకా తీసుకెళ్ళాను. దాని లోపలి గోడకి ఇంకా నాలుగు విత్తనాలు ఆయిల్లో అంటుకుని ఉన్నాయి. విసరబోతుంటే వంటింట్లోంచి అత్తగారు పరుగున వచ్చారు.

"ఆ గరాటు ఎక్కడికి బాబూ?"

"పారేస్తున్నానండి."

"అయ్యో, ఇంట్లో ఉన్నది అదొక్కటే కదా బాబూ. డబ్బాలో నూనె సీసాలోకి వంచాలంటే నాకేదీ? పచ్చళ్ళకి తాలింపు పెట్టాలంటే ఏం చెయ్యను?"

నేను పొద్దున ఇడ్లీలోకి వేసుకున్న పండుమిరప పచ్చడి గుర్తొచ్చింది. రెండోసారి అడిగి వేయించుకున్నదీ గుర్తొచ్చింది.

"తుడిచే పోస్తానులే," అన్నారు ఆవిడ, నా మొహం చూసి.

"దేంతో అండి?"

"పత్తితో."

మధ్యాహ్నం భోజనాలకి మామగారు ఊరంతా వినపడేలా బండేసుకొచ్చారు. చాలా కాలానికి ఆయన మొహంలో నవ్వు. పక్కనే కూచుని, పచ్చడి జాడీ దగ్గరికి లాక్కుని, తన చేత్తో నా కంచంలో ఇంత ముద్ద వేశారు.

"తిను అల్లుడూ. ఈ రుచి ఇంకెక్కడా రాదు."

రాదు. ఆ విషయంలో ఆయనతో నాకు పేచీ లేదు.