రెండంగుళాల కోత

అమ్మమ్మ కోతలు కోసేది. ఈ మాటకు రెండర్థాలున్నాయి, రెండూ నిజమే. వీధిగదిలో మిషను ముందు కూర్చుని నలభై ఏళ్ళు నలుగురి గుడ్డలూ కోసింది. ఆ నలభై ఏళ్ళూ ఇంట్లోవాళ్ళకు కబుర్లు కోసింది. గుడ్డలో నూలుపోగు తేడా వచ్చినా ఊరుకునేది కాదు. మాటల దగ్గర మాత్రం కాస్త వదులుగానే వదిలేసేది. అబద్ధమైనా అతికినట్టుండాలన్నారు పెద్దలు. అతకడం కుట్టుపనివాళ్ళకు కొత్త కాదు కదా.

ఆమె పోయి మూడు నెలలైంది. మధ్యాహ్నపు ఎండ ఇప్పటికీ అదే వేళకు వీధిగదిలోకి వస్తోంది. సుద్దపొడిని కాసేపు గాలిలో తేల్చి, మిషను చక్రం మీదుగా జారి, అమ్మమ్మ పీట దగ్గర ఆగుతోంది. ఆ ఎండలో కూర్చున్న మనవరాలికి మిషను కదలకుండానే టకటకమని వినబడుతుంది. సూదికీ దారానికీ నడుమ ఎవరో సన్నగా నవ్వుతున్నట్టుంటుంది. నిద్ర కాదు, మెలకువా కాదు.

ఆ మనవరాలికి గుండీ అని పేరు పెట్టింది అమ్మమ్మే. ఏ బల్ల కిందకు దొర్లినా వెతుక్కోవలసిన పిల్ల అని.

మూడో తరగతిలో ఉండగా గుండీ ఒకరోజు బడి మానేస్తానని ప్రకటించింది.

"ఏం, చదువు పూర్తయిందా?" అంది అమ్మమ్మ.

"నన్ను వరసలో అందరికంటే ముందు నిలబెట్టారు. పొట్టిదాన్నట."

అమ్మమ్మ నవ్వలేదు. అప్పుడే అనుమానించవలసింది. "పోయి ముక్కు కడుక్కురా" అని పెరట్లోకి పంపి, పిల్ల తిరిగొచ్చేసరికి మిషను సొరుగులోంచి ఒక టేపు తీసి పట్టుకుంది. దాని కొనకు ఎర్రగుడ్డ చుట్టి కుట్టి ఉంది.

"ఇది ఇంటివాళ్ళ టేపు. బయటివాళ్ళ ఒంటికి తగలకూడదు" అని, గుండీని తలుపుకు ఆనించి కొలిచింది. "నలభై ఆరు. ఎవరే నిన్ను పొట్టి అన్నది? ముందు వాళ్ళ కళ్ళు చూపించుకోమను."

మర్నాటి నుంచి గుండీ, పొడుగైనా మర్యాదకొద్దీ ముందు నిలబడ్డ మనిషిలా నిలబడింది. ఆ తర్వాత ప్రతి ఆదివారం ఇంటిల్లిపాదీ ఆ తలుపు ముందు బారు తీరేవారు. పెరిగినవాళ్ళకు అమ్మమ్మ చప్పట్లు కొట్టించేది. లావెక్కినవాళ్ళకు సంతాపం తెలిపేది. తాతయ్యను మాత్రం కొలిచేది కాదు. "మీ కొలతలు నాకు నోటికొచ్చులెండి" అనేది.

ఇప్పుడు ఆ గదిని మావయ్య అడుగుతున్నాడు.

"స్కూటరు ఎండలో మాడిపోతోంది. మిషను తొక్కేవాళ్ళెవరున్నారిక?"

"నేనున్నాను" అంది గుండీ.

"నీకు కాజాలు తప్ప ఏమొచ్చే?"

తాతయ్య తీర్పు చెప్పాడు. "నాకో చొక్కా కుట్టనీ. కుదిరితే గది దానిది, కుదరకపోతే నీ స్కూటరుది. ఆదివారం వచ్చి చూసుకో."

గుండీ సొరుగులోంచి ఇంటివాళ్ళ టేపు తీసి, కళ్ళకద్దుకుని మెడలో వేసుకుంది. దానితో తాతయ్యను కొలిచి, అంకెలు రాసుకుని, చెక్క స్కేలుతో గుడ్డ మీద గీసింది. కత్తెర వేస్తున్నంతసేపూ ఆ చెయ్యి తనది కాదనిపించింది.

ఆదివారం తాతయ్య చొక్కా తొడుక్కున్నాడు. లోపల చేతులున్నాయని నమ్మాలే తప్ప బయటికి ఆధారం కనిపించలేదు.

గుండీ కత్తెర తీసి తాతయ్య ముందు పెట్టేసింది. "స్కూటరు తెచ్చుకోమని చెప్పెయ్ తాతయ్యా. నాకీ పని రాదు."

తాతయ్య ఆ మాట విననట్టే అడిగాడు. "ఏ టేపుతో కొలిచావు?"

ఆమె మెడలోది తీసి ఇచ్చింది. ఆయన కత్తెర మొనతో ఎర్రగుడ్డ కుట్టు విప్పాడు. టేపుకు ఒకటి లేదు, రెండు లేదు. మూడుతో మొదలవుతోంది.

"ఆ రోజు నువ్వు ముక్కు కడుక్కుని వచ్చేలోగా కోసింది మీ అమ్మమ్మ. బట్టలు కుట్టేటప్పుడు మనసులోనే రెండు తీసేసుకునేది. మీ మావయ్య నడుముకీ ఆ రెండూ కలిశాయి పాపం. అప్పట్నుంచీ పొద్దున్నే నడుస్తున్నాడు."

గుండీ లెక్క వేసుకుంది. ఆనాడు తను నలభై నాలుగే. ఇన్నేళ్ళుగా తన నెత్తిన ఉన్న రెండంగుళాలు దిగిపోయాయి. అయినా తలుపు గడియ ఎప్పటి ఎత్తులోనే చేతికందుతోంది, ఆమె ఏమీ కుంగినట్టు లేదు. ఎండ పీట దగ్గరికి వచ్చి ఆగింది.

వీధిలో స్కూటరు ఆగింది.

"తొందరగా నన్ను కొలువు" అంటూ తాతయ్య తలుపుకు ఆనుకున్నాడు.

టేపు చాలలేదు. గుండీ రెండుసార్లు వేయాల్సి వచ్చింది. వేసినప్పుడల్లా రెండేసి చొప్పున తాతయ్య ఆ మధ్యాహ్నం నాలుగంగుళాలు పెరిగాడు.

మావయ్య గుమ్మంలో నిలబడిపోయాడు. "ఏమిటా చొక్కా నాన్నా? చేతులేవీ?"

"చొక్కా కుదిరింది. పెరిగేవాళ్ళకి కాస్త వదులుగా కుట్టాలనేది మీ అమ్మ."

"ఈ వయసులో పెరగడమేమిటి?"

"అయిదడుగుల పదంగుళాలు" అని గుండీ గంభీరంగా చదివింది. ఆ గొంతు ఎవరిదో ముగ్గురికీ తెలుసు.

మావయ్య టేపునూ, తండ్రినీ, ఖాళీ పీటనూ మార్చి మార్చి చూశాడు. తర్వాత చెప్పులు విప్పి లోపలికి వచ్చి, తలుపుకు వీపు ఆనించి నిటారుగా నిలబడ్డాడు.

"నన్నూ ఓసారి చూడవే" అన్నాడు. "నడుము వద్దులే. ఎత్తు చాలు."

స్కూటరు ఎండలోనే ఉండిపోయింది.