మట్టి పూసిన తలుపు

మ్యూజియంలో అందరూ అతన్ని దూది మేస్త్రి అనేవారు. చచ్చిన జంతువుల తోలులో దూది కూరి, బతికున్నట్టు నిలబెట్టడం అతని పని. జంతువులకు ప్రాణం పోస్తాడు గానీ ఇంట్లో మనిషికి పోయలేకపోయాడని గిట్టనివాళ్లు ఎత్తిపొడిచేవారు. అనేవాళ్ల నోళ్లు ఎవరు మూయగలరు?

ఆ ఇంట్లో మనిషి అతని అక్క. బావ పోయిన నాడు గదిలోకి వెళ్లి గడియ వేసుకుంది, మళ్లీ బయటికి రాలేదు. తలుపు కింది పలక ఊడిన సందులోంచి మేస్త్రి రెండు పూటలా కంచం తోసేవాడు. అక్క తప్ప అతనికి నా అన్నవాళ్లు లేరు. ఖాళీ కంచం బయటికి వస్తే ఆ పూటకు అతని గుండె కుదుటపడేది.

ఆ చలికాలం ఒకే అద్దాల అరలో రెండు జీవులను పెట్టమన్నారు. ఒకటి బూడిద రంగు మార్మట్, కొండల మీద బొరియల్లో ఉండే బొద్దు ఉడుత జాతి జంతువు. రెండోది పెద్ద హార్న్‌బిల్, చెట్టు తొర్రలో గుడ్లు పెట్టే పెద్దముక్కు పక్షి. రెండూ తలుపు మూసుకునేవే. మేస్త్రి సందు పక్కన చతికిలబడి అక్కకు ఆ కబుర్లు చెప్పాడు.

"హార్న్‌బిల్ ఆడపక్షి తొర్రలో దూరి, రెట్టతో, మట్టితో వాకిలి పూడ్చేస్తుందే అక్కా. ముక్కు పట్టేంత సందు ఉంచుతుంది. మొగుడు తెచ్చి పెట్టాలి. మార్మట్‌కి ఆ బాధ లేదు. ఒంటి నిండా కొవ్వు పట్టించి, బొరియకి మట్టి బిరడా వేసి చలికాలమంతా పడుకుంటుంది. ఊపిరి కూడా ఎప్పుడో ఒకటి."

"మగపక్షి రాకపోతే?" అంది అక్క. నెలల తరవాత అదే ఆమె మొదటి మాట.

మేస్త్రి పొంగిపోయి నోరు జారాడు. "ఇంకేముంది, లోపలున్నదాని పని అయిపోయినట్టే. రేపు నేనే ఏ బస్సు కిందో పడితే నీ గతేంటి చెప్పు?"

అక్క నవ్వింది. "కాస్త మట్టి తెచ్చిపెట్టరా. చేతులు ఊరికే ఉన్నాయి."

అక్క నోరు తెరిచి అడగడమే గొప్ప. బొమ్మలకు వాడే మెత్తటి మట్టిని రోజూ కంచం పక్కన పెట్టి తోశాడు. ఆమె మారు అడిగి మరీ తినసాగింది. ఒళ్లు చేస్తోంది కాబోలని మేస్త్రి మురిసిపోయాడు.

ఒక సాయంత్రం కంచంతో వచ్చేసరికి సందు లేదు. తడి మట్టి నున్నగా, అంచులు తెలియకుండా పూసి ఉంది. పనివాడి కంటికి కూడా వంక దొరకలేదు. వేలితో చిన్న కన్నం పొడిచాడు.

"అక్కా! నేను బతికే ఉన్నాను కదే. ఒక్క ముద్ద తిను."

లోపలి నుంచి బొటనవేలు వచ్చి ఆ కన్నాన్ని మెల్లగా మూసేసింది.

తలుపుకు చెవి ఆనించాడు. ఒక ఊపిరి వినిపించింది. రెండోది వచ్చేసరికి కంచంలో అన్నం చల్లారిపోయింది.