దుప్పి చెవులు

అనంతలక్ష్మికి కొండలంటే ఒళ్ళు మంట. దోహాలో ఎటు చూసినా చదునే కాబట్టి ఆ ఊళ్ళో ఆమె సుఖంగా ఉండాల్సింది. ఉండనివ్వనిది ఆమె మొగుడు శ్రీరామమూర్తి. కొండల్ని క్యాసెట్లలో నింపుకొచ్చి, వారం వారం ఇంట్లో కుమ్మరించేవాడు.

ఆయన ఒక కట్టుబడి కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్. ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో నాలుగు కుటుంబాలు పంచుకున్న విల్లాలో రెండు గదులు వాళ్ళవి. తొంభై రెండులో ఒక వీడియో కెమెరా కొన్నాడు. దాన్ని తుడిచినంత శ్రద్ధగా ఆ పెద్దమనిషి పెళ్ళాం మొహం ఎన్నడూ చూసి ఎరగడు.

ఏటా దొరికే నెల సెలవులో సగం విశాఖ మన్యంలోని చింతపల్లిలో గడిచేది. అనంతలక్ష్మి అక్క సుబ్బలక్ష్మి అక్కడి ఆసుపత్రిలో నర్సు. తల్లి పోయాక చెల్లెలికి జడలు వేసి, చదివించి, పెళ్ళి చేసింది ఆవిడే. తను మాత్రం పెళ్ళి మాట ఎత్తనివ్వలేదు. ఆమె క్వార్టర్ వెనక వాగు, వాగు అవతల కొండ. శ్రీరామమూర్తి ఆవిడ పెట్టిన ఉప్మా తిని, ఆవిడ పెరట్లో స్టాండు పాతి, ఆవిడే కెమెరాకి అడ్డం వస్తే చెయ్యి విదిలించేవాడు.

"వదినగారూ, పక్కకి! ఇంకా పక్కకి!"

"ఒక్కసారి అక్కనీ నన్నూ తియ్యండి" అని అనంతలక్ష్మి అడిగితే విసుక్కునేవాడు. "మనుషులు ఎక్కడైనా ఉంటారే. ఈ మంచు మళ్ళీ దొరుకుతుందా?"

దోహాకి తిరిగొచ్చాక ప్రతి శుక్రవారం భోజనాలయ్యాక ప్రదర్శన. విల్లాలోవాళ్ళంతా హాల్లో చేరేవాళ్ళు. పక్క గది మెహర్ సుల్తానా మొహమాటానికి వచ్చేది. భరణి అనే బ్రహ్మచారి మాత్రం పప్పు, ఆవకాయ కోసం వచ్చి, తిన్న పాపానికి చప్పట్లు కొట్టేవాడు. పొగమంచు, కొండముచ్చులు, మళ్ళీ పొగమంచు. శ్రీరామమూర్తి టీవీ పక్కన నిలబడి, ఆ కొండల్ని తనే చెక్కినట్టు వివరించేవాడు. ఆ వేళకి అనంతలక్ష్మి వంటింట్లో తలుపేసుకుని గిన్నెలు తోముకునేది.

తొంభై ఆరు వానాకాలంలో సుబ్బలక్ష్మికి మెదడు మలేరియా వచ్చింది. ఎంతోమందికి జ్వరాలు తగ్గించిన మనిషి మూడు రోజుల్లో పోయింది. ఇక్కడ కంపెనీ సంతకాలయి, దేశం దాటనిచ్చే ఎగ్జిట్ పర్మిట్ చేతికొచ్చేసరికి అక్కడ పెద్దకర్మ కూడా అయిపోయింది. ఇక వెళ్ళి ఎవర్ని చూడాలి? అనంతలక్ష్మి ఆ కాగితం చింపి చెత్తబుట్టలో పారేసింది.

నర్సు టోపీ పెట్టుకున్న అక్క ఫొటో ఒకటి ఆమె దగ్గరుంది. కానీ ఆమెకి కావలసింది అక్క గొంతు. రోజులు గడిచేకొద్దీ అది చెవిలోంచి జారిపోతోందని ఆమెకి భయం పట్టుకుంది. అప్పుడు గుర్తొచ్చింది. తొంభై మూడులో ఒక పొద్దున వాగు దగ్గరికి దుప్పి వచ్చింది. మొగుడు ఊపిరి బిగబట్టి తీస్తున్నాడు. ఇంట్లోంచి అక్క కేకేసింది: "అనంతా! నీళ్ళు కాగాయే!" దుప్పి చెంగున ఎగిరి పారిపోయింది. ఆయన రోజంతా ఆవిడ మీద మూతి ముడుచుకున్నాడు.

కెమెరా విన్నది కదా, ఆ కేక క్యాసెట్లో ఉండితీరాలి!

మొగుడు పొద్దున డ్యూటీకి పోగానే క్యాసెట్లు పెట్టుకుని కూర్చునేది. అన్నం మాడినా లేచేది కాదు. ఐదో రోజున దొరికింది. వాగు, రెల్లు, దుప్పి వంచిన తల. దుప్పి ఠక్కున చెవులు నిక్కించింది. ఇంటివైపు తిరిగి చూసింది. ఎగిరిపోయింది. వెనక నుంచి వేణువు మోగుతోంది. అక్క కేక లేదు. వెనక్కి తిప్పి, టీవీకి చెవి ఆనించి, పదిసార్లు వింది. పదిసార్లూ వేణువే.

సాయంత్రం ఆయన బూట్లు విప్పకముందే నిలదీసింది.

"ఆ దుప్పి దగ్గర మా అక్క కేక ఏమైంది?"

"తీసేశాను. వీసీఆర్ పెద్ద క్యాసెట్‌లోకి ఎక్కించేటప్పుడు కెమెరా నుంచి బొమ్మ తీగ ఒక్కటే పెట్టాను. శబ్దానికి వేణువు పాట పెట్టి టేప్‌రికార్డర్ తగిలించాను. అంతా డిస్టర్బెన్స్ కదే!"

"కెమెరాలో అసలు క్యాసెట్?"

"దాని మీదే మరుసటేడు అరకు తీశాను. ఎన్నని కొంటాం?" తువ్వాలు భుజాన వేసుకుంటూ, ఓదార్పు అనుకుని ఇంకో మాట కూడా అన్నాడు. "వేణువుతో ఎంత బాగా కుదిరిందో చూడలేదూ?"

ఆమె ఏడవలేదు. ఆ క్షణాన ఆయన్ని అసహ్యించుకుంది. పదకొండేళ్ళ కాపురంలో కోపాలు చాలా వచ్చాయి, పోయాయి. ఇది వచ్చి కూర్చుంది.

శుక్రవారం వచ్చింది. అందరూ తిన్నారు. "ఈ వారం దుప్పి క్యాసెట్ పెట్టండి" అని ఆమే అడిగింది. ఇన్నేళ్ళకి పెళ్ళానికి రుచి తెలిసిందని శ్రీరామమూర్తి పొంగిపోయాడు. తెర మీద వాగు రాగానే గొంతు సవరించుకున్నాడు.

"ఇక్కడ చూడండి, అది ఉన్నట్టుండి బెదురుతుంది. అడవి జంతువు కదా, ఎందుకు బెదిరిందో ఎవరికీ తెలీదు."

దుప్పి చెవులు లేచాయి. ఆ క్షణానికే అనంతలక్ష్మి గొంతెత్తి, చింతపల్లి వంటింట్లోంచి పిలిచినట్టే కేకేసింది.

"అనంతా! నీళ్ళు కాగాయే!"

దుప్పి ఆమె వైపే తిరిగి చూసింది, ఎగిరిపోయింది. భరణి చప్పట్లకి ఎత్తిన చేతులు అలాగే ఆగిపోయాయి.

"ఏమైందమ్మా?" అంది మెహర్ సుల్తానా.

"మా అక్క. దుప్పికి వినిపించింది, చూశారుగా. ఈయన చెరిపేశాడు."

"నలుగురిలో ఏమిటే ఇది!" అన్నాడు శ్రీరామమూర్తి. మొహం కందగడ్డలా అయింది.

ఆమె రిమోట్ అందుకుని వెనక్కి తిప్పింది. దుప్పి మళ్ళీ తల వంచింది. మళ్ళీ చెవులు లేచాయి. మళ్ళీ కేకేసింది. మూడోసారికి మెహర్ సుల్తానా కొంగుతో కళ్ళొత్తుకుంది.

ఆ తర్వాత శ్రీరామమూర్తి ఆ క్యాసెట్ బయటికి తీయలేదు. అసలు ప్రదర్శనలే మానేద్దామన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. వారం వారం అందర్నీ పిలిచి, పప్పూ ఆవకాయా పెట్టి, ఆ క్యాసెట్ ఆమే పెట్టేది. వాగు కనబడగానే ఆయన చెప్పులేసుకుని బయటికి నడిచేవాడు. ఆయన గేటు దాకా వెళ్ళినా వినబడేటట్టు ఆమె కేకేసేది.