పెట్టె మీద పేరు

నల్లగొండ నుంచి దేవరకొండ పోయే బస్సు కొండమల్లేపల్లి దాటగానే ఆగిపోయింది. డ్రైవరు దిగి టైరును ఒక తన్ను తన్ని, "ఇగ నడువుండ్రి" అన్నాడు. నాకు నడక కొత్త కాదు. నా పక్క సీటు మనిషి కూడా దిగాడు. అరవై ఏళ్లుంటాయి. గుడ్డసంచిని భుజాన వేసుకోకుండా, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుని నడిచాడు.

పేరు లక్ష్మీనర్సయ్య. భువనగిరి దగ్గర నేతపని.

"ఎందాక?" అన్నాను.

"ఏసోబు అనెటాయన ఇల్లు, దేవరకొండకు ఇవతలనే. పోవాల్నా వద్దా అని పొద్దటి సంది కొట్టుకుంటున్న సారూ."

దారి పొడవునా చెప్పాడు. ఒక్కడే కొడుకు రాజేందర్, చిన్నప్పటి నుంచి తండ్రి పక్కన కూర్చుని నూలుకు ముడులు కట్టినవాడు. ఏడాది కింద వాళ్ల వాడకట్టుకు ఒక ఏజెంటు వచ్చాడు. చలిదేశంలో, సైన్యం వంటశాలలో పని అన్నాడు. "యుద్ధం వాళ్లది, మనది గాదు. మన దేశం ఎవల దిక్కూ లేదు. మన పాస్‌పోర్టు చూస్తే తుపాకి పట్టినోడు సుత పక్కకు జరుగుతడు" అన్నాడట.

1940 ఏప్రిల్‌లో నార్వే కూడా తనది ఎవరి పక్షమూ కాదనే అనుకుంది. తెల్లారేసరికి రేవుల్లో పరాయి యుద్ధనౌకలున్నాయి. ఆ చరిత్రలన్నీ ఒకప్పుడు చదివాను, ఆ పుస్తకాల్లో సగం చెదలు తినేశాయి. అప్పటి నియంతలు తటస్థదేశానికి ఓడలు పంపాల్సి వచ్చింది. ఇప్పుడు ఆ ఖర్చూ లేదు. ఒకే మనిషి మాట చెల్లే దేశంలో సైనికులు తక్కువైతే వంటమనుషులు కావాలని కబురు పెడితే చాలు. దేశం యుద్ధంలో ఉండదు, దాని పిల్లలుంటారు.

"పోయిన నాడే ఫోన్ చేసిండు సారూ. 'బాపూ, కాగితం వాళ్ల భాషల ఉన్నది, సంతకం పెట్టమంటున్నరు' అన్నడు. పెట్టు బిడ్డా అన్న. నలభై ఏండ్లు డిజైను గీసిన గ్రాఫు కాగితం ముంగట వెట్టుకొని నేసిన. గడి ఎట్లుంటే దారం అట్ల. ఎందుకని అడిగితే చీర ఆగుతది."

వంటశాల పదిరోజులే. తర్వాత చేతికి తుపాకి ఇచ్చారు. ఎనిమిది నెలలకు ఇంటికి ఒక పెట్టె వచ్చింది, మీద రాజేందర్ పేరుతో.

లక్ష్మీనర్సయ్య ఒక్కడే మూత తీయించి చూశాడు. ముఖం ముఖంలా లేదు. కుడి మణికట్టు మీద మాత్రం శిలువ పచ్చబొట్టు ఉంది.

"ఆ చెయ్యి నాకెరుకే. ఫోన్‌ల చూసిన. ఆడ మావోనికి దొరికిన దోస్తు విజేందర్‌ది, ఏసోబు కొడుకు. ఇద్దరు ఒకటే పళ్లెంల తినేటోళ్లు."

"మరి చెప్పలేదా?"

"కాగితంల రాజేందర్ అని ఉన్నది సారూ."

సంచిని ఇంకాస్త దగ్గరికి పొదువుకున్నాడు. తర్వాత, నన్ను చూడకుండానే అన్నాడు: "వాకిట్ల వాడకట్టు మొత్తం నిలవడ్డది. మావాడు గాదంటే మరి ఏడున్నడని అడుగుతరు. ఏం జెప్పాలె? సంతకం పెట్టిన. కాలవెట్టిన. పదకొండో దినం మా కోడలు రోజారమణి గాజులు పగలగొట్టిండ్రు. బతికున్నడేమో అని నా నోట్లకెళ్లి ఒక్క మాట రాలే."

సంచిలో ఉన్నది ఆ పిల్లాడి బూడిద. వాళ్లు కిరస్తానీలు, కాల్చరు, పాతిపెడతారు అన్నది కాల్చాక గుర్తొచ్చిందట.

"మావోని పేరు మీద వాళ్లోడొస్తే, వాళ్లోని పేరు మీద మావోడు రావొచ్చు గదా. పెట్టె వస్తే నాకు కబురు చెయ్యుండ్రి అని అడగాలె. అది అడగాల్నంటే ముందుగాల ఇది చెప్పాలె."

ఏసోబు ఇల్లు రోడ్డు పక్కనే, నేనూ వెంట వెళ్లాను. రాజేందర్ నాయినను అని చెప్పగానే ఏసోబు భార్య పుల్లమ్మ ఎదురొచ్చి చేతులు పట్టుకుంది.

"అయ్యో అన్నా! మీవాడు పోయిండని విన్నం. నీకైనా కడసారి చూపు దక్కింది. మావోడు ఫోన్ ఎత్తుతలేడు. రానియ్, చెప్పు తిరగేసి కొడత." నవ్వబోయి, కొంగుతో ముక్కు తుడుచుకుంది. మంచం వాల్చి, చాయ్ తెచ్చింది.

లక్ష్మీనర్సయ్య గ్లాసు పట్టుకుని నోరు తెరిచాడు. అంతలో ఏసోబే మొదలుపెట్టాడు.

"పోయిన వారం మాకు సుత పెట్టె వచ్చిందన్నా. మీద విజేందర్ అని రాసున్నది. మూత తీయించిన. మావోడు గాదు. మణికట్టు మీద శిలువ లేదు. ఎడమ చూపుడు వేలికి దారం కోసినట్టు గాడి, ఇంత లోతున. మావోడు పుట్టినకాన్నుంచి దారం ముట్టలే."

గ్లాసు చుట్టూ ఉన్న లక్ష్మీనర్సయ్య చూపుడు వేలిని నేను చూశాను. నూలుకు ముడులు కట్టీ కట్టీ పడిన గాడి అది.

"ఏం జేసినవ్?" అన్నాడు లక్ష్మీనర్సయ్య.

"ఏం జేస్త? తీస్కపోండ్రి అన్న. 'పేరున్నది గదా, పాతిపెట్టెయ్' అని మస్తు జెప్పిండ్రు. ఎవలో తల్లి ఎదురుచూస్తుంటది. ఆమె బిడ్డను నా బిడ్డని నేనెట్ల మట్టిల వెడత? వాపస్ పంపిన. యాడికి తీస్కపోయిండ్రో ఏమో."

"మంచిపనే గదా అన్నా?" అంది పుల్లమ్మ.

లక్ష్మీనర్సయ్య గ్లాసు కింద పెట్టాడు. చాయ్ అట్లాగే ఉంది. ఒళ్లోని సంచిని మంచం మీద, దిండు వారన, సర్ది పెట్టాడు. లేచి గడప దాటాడు.

ఏసోబు నా వంక చూశాడు. పుల్లమ్మ రోడ్డు దాకా ఉరికింది.

"అన్నా, నీ సంచి! ఓ అన్నా!"

అతను వెనక్కి తిరగలేదు.