రత్నగారి ముందు నేను వెలగబెట్టిన మలయ్ భాష

ఒక్క మాటతో మా మామగారి మిరపకాయల బేరాన్ని నట్టేట ముంచబోయిన మహానుభావుణ్ణి నేనే. నవ్వండి, ఫర్వాలేదు. ఆ రోజు మాత్రం మా ఇంట్లో ఒక్కరికీ ఊపిరాడలేదు.

మలేషియాలో రెండేళ్ళు హోటల్లో పనిచేసి వచ్చాను. మలయ్ భాష కాస్త పట్టుబడింది. కాస్తే, కానీ ప్రత్తిపాడులో నన్ను పరీక్షించే నాథుడెవడు? మామగారి సరుకు చూడటానికి ఇండోనేషియా వాళ్ళు వస్తున్నారనగానే కాలరెగరేశాను.

"మలయ్, ఇండోనేషియా భాష అక్కాచెల్లెళ్ళు మామగారూ. మాటలన్నీ నాకొదిలెయ్యండి."

"నీదే భారం అల్లుడూ. ఏడాదిగా కాయలు కోల్డ్ స్టోరేజీలో మగ్గుతున్నాయి. ఈ బేరం కూడా పోతే చేను కౌలుకిచ్చి ఇంట్లో కూర్చోవడమే" అన్నారాయన.

వచ్చింది ఇద్దరు. జకార్తా నుంచి రత్నగారు, ఆవిడ వెంట నాణ్యం చూసే పెద్దాయన ఆసెప్. కాయలు విరిచారు, వాసన చూశారు, తుమ్మారు, మెచ్చుకున్నారు. భోజనం చేశాక బేరం మాట్లాడదామని ఇంటికి తీసుకొచ్చాం.

మా ఇళ్ళల్లో పద్ధతి మీకు తెలిసిందేగా. చుట్టాలొస్తే పిల్లలే చేతులకు నీళ్ళు పోసి, తువ్వాలు అందించి, వాళ్ళు తినేదాకా పక్కన నిలబడాలి. మా పెద్దమ్మాయి కీర్తన చెంబుతో, చిన్నది మిన్ను తువ్వాలుతో సిద్ధంగా ఉన్నారు. నేను గర్వంగా ఇద్దరి భుజాల మీదా చేతులేసి, మలయ్‌లో పరిచయం చేశాను.

"వీళ్ళు మా ఇంటి బుడక్‌లు."

మలేషియాలో బుడక్ అంటే చిన్నపిల్లలు. కానీ రత్నగారి మొహం పాలిపోయింది. కీర్తనను దగ్గరికి లాక్కుని ఇంగ్లీషులో మొదలుపెట్టింది.

"నీకు జీతమిస్తారా?"

"లేదు మేడమ్. అన్నం పెడతారు."

"సెలవులు?"

"ఆదివారం కూడా వదలరు మేడమ్."

"మాతో కూర్చుని తిను."

"అమ్మో! మీరు తిన్నాకే. లేకపోతే తిడతారు."

ఇంగ్లీషు ముక్క రాని మామగారు మురిసిపోతున్నారు. "చూశావా, నా మనవరాలు ఎట్టా దంచేస్తోందో!"

రత్నగారు విస్తరి ముందు నుంచి చటుక్కున లేచింది. "ఇక్కడ మెతుకు ముట్టను. ఈ ఇంటి సరుకూ వద్దు."

"ఏమైందయ్యా? కూరలో ఉప్పెక్కువైందా?"

"ఇంకా వడ్డించనేలేదు మామగారూ!"

సరుకు కూడా వద్దంటోందని చెప్పగానే ఆయన గోడకు చేరగిలబడిపోయారు. ఆసెప్ గారికేం అనుమానమొచ్చిందో, నన్ను చూపించి మిన్నును అడిగాడు. "ఈయన నీకేమవుతాడు?"

"మా డాడీ."

పెద్దాయన పొట్ట పట్టుకుని నవ్వాడు. "రత్నా, మా ఊరి వైపు మాట్లాడే సుండా భాషలో బుడక్ అంటే పిల్లలే. మలేషియాలోనూ అంతే. మన ఇండోనేషియా భాషలోనేనమ్మా, బానిస!"

బానిసా! కన్నకూతుళ్ళను భుజం తట్టి మరీ బానిసలని చెప్పుకున్నానా? పైగా అన్నం తప్ప ఏమీ పెట్టరని కూతురే సాక్ష్యం చెప్పిందా?

రత్నగారు కూర్చుంది గానీ ఆవిడ కోపం చల్లారలేదు. "సరే, కూతుళ్ళే. మరి కడుపు మాడ్చుకుని నిలబడటమెందుకు? ముందు వీళ్ళు తింటారు. నీళ్ళు మీరు పోయండి. బేరం ఆ తర్వాతే."

పుట్టి బుద్ధెరిగాక మంచినీళ్ళు కూడా తనకు తాను ముంచుకోని మామగారు చెంబందుకున్నారు. నేను తువ్వాలు పట్టుకున్నాను. మిన్నుకు విషయం ఇట్టే అర్థమైపోయింది.

"తాతయ్యా, నెయ్యి. ఇంకొంచెం. నాన్నా, గోంగూర కాదు, చికెన్."

రోజూ గబగబా మింగి ఆటకు పారిపోయే పిల్ల ఆ రోజు ఒక్కో మెతుకూ నమిలింది. మామగారు దాని నోటి వంకే చూస్తూ "మింగు తల్లీ, నీకు దణ్ణం పెడతా, మింగు" అని బతిమాలారు. అది మజ్జిగ తాగి త్రేన్చాక గానీ రత్నగారు బేరానికి చెయ్యి చాపలేదు.

సరుకు అమ్ముడుపోయింది. నేను మిన్ను మూతి తుడుస్తూ, ఏడాది మగ్గిన ఆ మిరపకాయల సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను. ఇక ఈ జన్మలో నా పిల్లల్ని ఏ దేశం వాళ్ళకూ ఏ భాషలోనూ పరిచయం చెయ్యను. కావాలంటే వాళ్ళే నన్ను పరిచయం చేసుకుంటారు.

కారెక్కుతున్న రత్నగారికి మిన్ను నన్ను చూపించి అప్పుడే ఆ పని కానిచ్చేసింది.

"మేడమ్, హీ ఈజ్ అవర్ సర్వర్!"