అక్క వీధికి డెబ్భై శాతం

ఆ పరిశోధనా సంస్థకు నాలుగు అంతస్తులు. కింది అంతస్తులో దేశాల భద్రత, దానిపైన వలసలు, ఆ పైన వాతావరణం, అన్నిటికంటే పైన ప్రజాస్వామ్యం. భద్రతవాళ్ళ గది తాళంచెవి ఏటా కనీసం రెండుసార్లు పోతుంది. ప్రజాస్వామ్యంవాళ్ళకు తమ అధిపతిని ఎలా ఎన్నుకోవాలో కుదరక రెండేళ్ళుగా కుర్చీ ఖాళీగా ఉంది. ఈ నాలుగు అంతస్తుల నుంచీ ఏ నివేదిక బయటికి వెళ్ళాలన్నా మెట్ల పక్కనున్న ఒక ఇరుకు గదిలో ఆగి వెళ్ళాలి. ఆ గదిలో కూర్చునే ఆయన్ని అందరూ శాతాలాయన అంటారు.

ఆయన పని ఒక్కటే. నివేదికలో ప్రతి వాక్యం దగ్గరా ఆగి, రాసినవాళ్ళను పిలిచి, "ఈ మాట మీద మీకెంత నమ్మకం?" అని అడగడం, వాళ్ళు నీళ్ళు నములుతూ చెప్పిన అంకెను పెన్సిల్‌తో పక్కన వేయడం. నూటికి నూరు వేయకూడదన్నది ఆ సంస్థ నియమం. ఇరవై ఆరేళ్ళలో ఆయన తొంభై అయిదు దాటింది ఒక్కసారే, అదీ సూర్యుడు ఉదయించడం గురించి. కుర్ర పరిశోధకులు ఆ గదిలోకి సింహాల్లా వెళ్ళి పిల్లుల్లా బయటికి వచ్చేవారు.

పనిని ఆఫీసులో వదిలేసి ఇంటికి వచ్చే రకం కూడా కాదు. వంటలో ఉప్పు సరిపోయిందా అని భార్య అడిగితే, "ఒక్క ముద్దతో ఏం చెప్తాం? నమూనా చాలదు" అనేవాడు. "నాన్నా, నేను పాసవుతానా?" అని కూతురు అడిగితే అరవై రెండన్నాడు. ఆ పిల్ల మూడు రోజులు మాట్లాడలేదు. పాసయ్యాక, "అరవై రెండంటే పాసవుతావనేగా!" అని ఈయన అలిగాడు.

ఈ మనిషికి ఒక అక్క ఉంది. తల్లి పోయాక ఆయన్ని పెంచింది ఆవిడే. ఊరి పల్లపు చివర, నదికి ఆనుకుని ఉన్న వీధిలో బట్టలు కుట్టే కొట్టు నడుపుతుంది. వెనక గదిలోనే కాపురం. ఆ వీధిలో పద్దెనిమిది ఇళ్ళు. ఎవరింట్లో తగువొచ్చినా, ఎవరి పంపు కారినా అందరూ ఆవిడ దగ్గరికే వస్తారు.

ఆ ఏడు పురపాలక సంఘం ఒక ఫారం పంచింది. నదొడ్డు వీధివాళ్ళు ఇష్టమైతే ఇళ్ళు వదిలేసి, మెరక మీద కట్టిన కొత్త ఇళ్ళలోకి మారొచ్చు. గడువు శుక్రవారం. అది దాటితే ఆ ఇళ్ళు వేరేవాళ్ళకు పోతాయి. "మా తమ్ముడికి ఇదే పని. వాడేమంటే అది" అని అక్క వీధికంతా చెప్పేసింది. అందరూ ఫారాలు తెచ్చి ఆవిడ కుట్టుమిషను మీద పెట్టి, తమ్ముడి కోసం ఎదురుచూస్తూ కూర్చున్నారు.

తమాషా ఏమిటంటే, ఆ నది మీద నివేదిక అదే వారం ఆయన బల్ల మీదికి వచ్చింది. "పదేళ్ళలోపు ఆ వీధి కిటికీల దాకా మునుగుతుంది" అన్న వాక్యం పక్కన ఆయనే స్వయంగా డెబ్భై అని వేశాడు. వేసి, చాలాసేపు పెన్సిల్ చెక్కుతూ కూర్చున్నాడు. ఆయన చేతిలో డెబ్భై అంటే మామూలు మాట కాదు. వాతావరణంవాళ్ళు ఆ సంగతి విని రెండో కప్పు కాఫీ తెప్పించుకున్నారు.

గురువారం సాయంత్రం అక్క కొట్టుకు వెళ్ళాడు. వీధి వీధంతా అక్కడే ఉంది.

"నీళ్ళొస్తాయా, రావా? ముందు అది చెప్పు" అంది అక్క.

ఆయన గొంతు సవరించుకున్నాడు. "డెబ్భై శాతం."

సైకిళ్ళు బాగుచేసే ఆయన తొడ చరిచాడు. "అంటే ముప్పై మన వైపుంది! ఇంకేం కావాలి?"

"ముప్పై ఏమన్నా తక్కువా? మావాడు లెక్కల్లో ముప్పై తెచ్చుకుంటే ఇంట్లో పండగ చేసుకున్నాం" అంది లాండ్రీ ఆవిడ.

"అదీ పదేళ్ళలో కదా. అంటే ఏడాదికి ఏడు." రిటైరైన లెక్కల మేష్టారు, అక్క బట్ట మీద గీసే సుద్దతో గోడ మీద వేసి మరీ చూపించాడు. "ఏడు శాతానికి ఎవడైనా ఇల్లు వదులుకుంటాడా?"

"అలా భాగించకూడదు మేష్టారూ!" అని శాతాలాయన మొత్తుకున్నాడు. ఎవరు వింటారు? జేబులోంచి కాగితం తీసి, ఈ అంచనాలో కూడా కాస్త అటూ ఇటూ ఉండొచ్చని వివరించబోయాడు.

"చూశారా, ఆయనకే నమ్మకం లేదు" అని సైకిళ్ళాయన తన ఫారం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఒక్కొక్కరూ మిషను మీంచి ఫారాలు తీసుకుని నవ్వుకుంటూ ఇళ్ళకు పోయారు. లాండ్రీ ఆవిడైతే "చల్లని కబురు తెచ్చావు బాబూ" అని కూడా అంది.

ఆయన కాగితం మడిచి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. ఇరవై ఆరేళ్ళుగా ఒక్క అబద్ధం బయటికి పోకుండా కాపలా కాసిన మనిషి. ఇప్పుడు నిజమే చెప్పాడు, ఆ నిజాన్ని పట్టుకుని వీధంతా మునగడానికి సిద్ధమైంది. పాపం, లెక్కలో తప్పేమీ లేదు. నివేదికల్లో మంత్రులకు చెప్పినట్టే అక్కకీ చెప్పాడు, అంతే.

అక్క మాత్రం తన ఫారం ముట్టుకోలేదు. స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"ఒరేయ్, ఈ వెనక గదిలో నీ కూతుర్ని పడుకోబెడతావా?"

"అది వేరే ప్రశ్న అక్కా..."

"నేనడిగింది అదే."

ఆయన గదిలోకి చూశాడు. కిటికీ మంచానికి రెండు జానల ఎత్తున ఉంది. చిన్నప్పుడు ఇద్దరూ ఆ మంచం మీదే పడుకునేవారు.

"పడుకోబెట్టను" అన్నాడు. "నువ్వు పడుకుంటున్నావని తలుచుకుంటేనే నాకు భయమేస్తోంది. వెళ్ళిపో అక్కా. ఇప్పుడే సంతకం పెట్టు."

అక్క తమ్ముడి ముఖంలోకి చూసింది. యాభై నాలుగేళ్ళ మనిషి ముక్కు ఎగబీలుస్తున్నాడు.

"ఈ ముక్క అందరి ముందూ చెప్పడానికేం రోగం నీకు?" అని తిట్టి, పెన్ను తీసుకుని సంతకం పెట్టేసింది. పెట్టి, చెప్పులేసుకుంది. "లే. పద."

పదిహేడు ఇళ్ళ తలుపులూ తట్టించింది. ప్రతి గుమ్మంలోనూ ఆయన చేతులు నలుపుకుంటూ, "నాకు భయంగా ఉందండీ. మా అక్కను పంపించేస్తున్నాను. మీరూ వెళ్ళండి" అన్నాడు. కొందరు ముఖం మీదే తలుపేశారు. సైకిళ్ళాయన ఆలోచిస్తానన్నాడు. లాండ్రీ ఆవిడ ఏడ్చేసింది. లెక్కల మేష్టారు మాత్రం గుమ్మంలోనే నిలబెట్టి, "ఈ మాట మీ నివేదికలో ఉందా?" అని నిలదీశాడు.

"లేదు మేష్టారూ. ఇలాంటివి కనిపిస్తే నేనే కొట్టేస్తాను."

మేష్టారు ఆయన్ని ఎగాదిగా చూశాడు. లోపలికి వెళ్ళి కళ్ళద్దాలు వెతుక్కుని వచ్చి, సంతకం ఎక్కడ పెట్టాలో చూపించమన్నాడు.