పదకొండు చెక్క ముక్కలు

నిన్న పొద్దున పేపర్ ఒక మూల తడిసి వచ్చింది. దాన్ని ఫ్యాన్ కింద ఆరబెడుతుంటే ఆళ్లగడ్డ నుంచి సుహాసిని ఫోన్ చేసింది.

"తాత పోయినాడే."

నిద్రలోనా అని అడిగాను. అవునంది.

రత్నం తాత. తొంభై ఏళ్లు.
అయినా షాకే.

సుహాసిని నా కాన్వెంట్ క్లాస్‌మేట్. సెలవుల్లో వాళ్లింటికి వెళ్తే ఎవరితోనూ మాట్లాడలేక తాత మంచం పక్కన కూర్చునేదాన్ని. ఆయన దగ్గర మాత్రం నాకు ప్రశ్నలు వచ్చేవి. ఒకటే విషయం మీద, మళ్లీ మళ్లీ.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. తాతకు ఇరవై ఏళ్లు. నంద్యాలలో ఒక నూనె మిల్లులో గానుగ పని. డ్యూటీ ఎనిమిది గంటలని పేరు. చేయించేది ఎక్కువ. ఓవర్‌టైం అడిగితే, ఎక్కువ యాడ చేసినారప్పా అనేవాడట యజమాని. పనివాళ్లకు వాచీలు లేవు.

కానీ ఆ మిల్లులో ఒక పద్ధతి ఉండేది.

గానుగలో ఒకసారి చెనిక్కాయ, అదే వేరుశనగ, గింజలు పోసి ఆడితే ఒక వాయి. ప్రతి వాయి అయ్యాక, నూనె పోగా మిగిలిన చెక్కలోంచి ఒక ముక్క ఆ గానుగ గూట్లో పెట్టాలి. మర్నాడు పొద్దున యజమాని వచ్చి ఒక్కొక్కటీ బొటనవేలితో నొక్కి చూస్తాడు. వేలు మెరిస్తే నూనె మిగిలినట్టు. తిట్లు. ఆయన చూసేదాకా ముక్కలు ఎవరూ ముట్టుకోకూడదు.

ఎలా మెరుస్తుందని అడిగితే, తాత బర్రెకు పెట్టే చెక్క తెచ్చి నా వేలు పట్టుకుని నొక్కించాడు.
మెరవలేదు.
"ఇది మిషన్‌ది పాపా. దీంట్లో ఏముంటాది."

ఒకరోజు పొద్దున, యజమాని కంటే ముందే ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. యజమాని పరుగున వచ్చి ఎనిమిది గంటలేనని చెప్పాడు. పనివాళ్లను అడిగితే అందరూ తలలు వంచుకున్నారు.

తాత ఒక్కడే నోరు విప్పాడు.

"గూట్లో నిన్నటి ముక్కలు లెక్కపెట్టుకోండి సార్. వాయికి గంట పడుతాది. నమ్మకపోతే ఈడే నిలబడి చూడండి."

ఇన్‌స్పెక్టర్ నిజంగానే నిలబడ్డాడు. వాచీ చూసుకుంటూ, ఒక వాయి అయ్యేదాకా. గంట మీద ఐదు నిమిషాలు పట్టింది.

గూట్లో పదకొండు ముక్కలు.

అందరికీ ఓవర్‌టైం వచ్చింది. వారం తిరగకుండా తాత పని పోయింది. లెక్కలు బాగా వచ్చినట్లుండాయి, పోయి బడి పెట్టుకో పో అన్నాడట యజమాని. ఈ మాట దగ్గర తాత ప్రతిసారీ నవ్వేవాడు.

నంద్యాలలో ఇంకే మిల్లూ ఆయన్ను తీసుకోలేదు. ఆళ్లగడ్డ వచ్చి పొలాల్లో కూలి చేశాడు.

పని పోతుందని తెలిసే చెప్పావా అని అడిగాను.

"అంత ఆలోచన యాడిది పాపా. ముందురోజు పదకొండో వాయికి కడుపులో ఏమీ లేదు. అదే మాట్లాడింది."

నేను నమ్మలేదు. ఈసారి వెళ్లినప్పుడు ఇంకోసారి అడుగుదామనుకున్నాను.

ఇవన్నీ నీకెందుకని ఆయన ఒక్కసారి కూడా అనలేదు.

తాతా, ఇంక నిన్నెవరూ ఏమీ అడగరు. ప్రభువు దగ్గర నెమ్మదిగా ఉండు.

ఆ మిల్లు మా ముత్తాతది. నేను ఎవరి పిల్లనో రత్నం తాతకు మొదటి నుంచీ తెలుసు.